సర్వర్ వైపు జావాస్క్రిప్ట్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ బాగానే రాస్తాను. సర్వర్ వైపు రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? నేరుగా ఎక్స్‌ప్రెస్ నేర్చుకోవచ్చా?

జవాబు: నోడ్ మీద నడిచే ఫ్రేమ్‌వర్క్ ఎక్స్‌ప్రెస్. దాన్ని ఒక్క రోజు ఆపండి. ముందు నోడ్ జేఎస్ ఒక్కదానితో చిన్న సర్వర్ రాయండి. క్రోమ్‌లో జావాస్క్రిప్ట్‌ను నడిపే వీ8 ఇంజిన్‌కు ఫైళ్లు, నెట్‌వర్క్‌తో పనిచేసే వీలు జోడించి 2009లో రయన్ డాల్ తెచ్చిందే నోడ్. భాష మీకు వచ్చినదే, కానీ విండో, డాక్యుమెంట్ ఇక్కడ ఉండవు. వాటిని వాడితే 'నాట్ డిఫైన్డ్' అనే ఎర్రర్ వస్తుంది.

నోడ్ సైట్‌లో ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం సపోర్ట్ ఉండేది) అని రాసి ఉన్న వెర్షన్‌నే దించుకోండి. ప్యాకేజీలు దించుకునే సాధనం ఎన్‌పీఎం దానితోపాటే వస్తుంది. ఇన్‌స్టాల్ అయ్యాక కూడా 'నోడ్' కమాండ్ దొరకడం లేదంటే, అంతకుముందు తెరిచి ఉంచిన టెర్మినల్‌ను మూసి కొత్తది తెరవండి. పాత విండోకు కొత్త పాత్ (కమాండ్లు ఎక్కడ వెతకాలో చెప్పే జాబితా) తెలియదు. తర్వాత ఖాళీ ఫోల్డర్‌లో ఎన్‌పీఎం ఇనిట్ నడిపి, వచ్చిన ప్యాకేజ్ జేసన్ ఫైల్‌లో టైప్ విలువ మాడ్యూల్ అని పెట్టండి. అప్పుడు ఇంపోర్ట్ వాడుకోవచ్చు. మీ సొంత ఫైల్‌ను ఇంపోర్ట్ చేసేటప్పుడు మాత్రం చివర డాట్ జేఎస్ తప్పనిసరి. బండ్లర్లకు (ఫైళ్లన్నీ కలిపి కట్టే సాధనాలకు) అలవాటు పడినవాళ్లు ముందు తడబడేది ఇక్కడే.

ఇక సర్వర్. హెచ్‌టీటీపీ మాడ్యూల్‌లోని క్రియేట్‌సర్వర్‌కు ఒక ఫంక్షన్ ఇవ్వండి. ప్రతి రిక్వెస్ట్‌కూ నోడ్ దాన్ని పిలుస్తుంది. లోపల రెస్పాన్స్ మీద ఎండ్ పిలవడం మరిచిపోతే ఏ ఎర్రరూ రాదు, బ్రౌజర్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. కంటెంట్ టైప్ హెడర్‌లో క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 అని చెప్పకపోతే తెలుగు అక్షరాలు పిచ్చి గుర్తులుగా కనిపించవచ్చు. చివరగా లిజన్‌కు పోర్ట్ నంబర్‌గా 3000 ఇవ్వండి. 80 వద్దు: లినక్స్‌లో మామూలుగా 1024 కంటే తక్కువ పోర్టులకు అడ్మిన్ అనుమతి కావాలి.

ప్రశ్న: కోడ్ మార్చినా పాత జవాబే వస్తోంది. మళ్లీ నడిపితే పోర్ట్ వాడుకలో ఉందంటోంది.

జవాబు: రెండింటికీ కారణం ఒకటే, పాత సర్వర్ ఇంకా నడుస్తోంది. నోడ్ ఫైల్‌ను మొదట్లో ఒక్కసారే చదువుతుంది. కంట్రోల్ సీతో ఆపి మళ్లీ నడపండి, లేదా నోడ్‌కు వాచ్ ఆప్షన్ ఇవ్వండి, సేవ్ చేసినప్పుడల్లా అదే రీస్టార్ట్ చేస్తుంది. లినక్స్, మ్యాక్‌లలో పొరపాటున కంట్రోల్ జెడ్ నొక్కుతుంటారు. దానితో ప్రోగ్రామ్ నిద్రపోతుందే తప్ప పోర్ట్‌ను వదలదు. ఎఫ్‌జీ అని కొట్టి దాన్ని ముందుకు తెచ్చి, కంట్రోల్ సీ నొక్కండి.

ప్రశ్న: ఒకరు పెద్ద రిపోర్ట్ అడిగితే మిగతా అందరికీ సైట్ ఆగిపోతోంది. ఫంక్షన్ ముందు ఎసింక్ పెట్టినా మార్పు లేదు. ఎందుకు?

జవాబు: మీ జావాస్క్రిప్ట్ అంతా ఒకే థ్రెడ్‌లో, అంటే ఒకసారి ఒకే పని చేసే వరుసలో నడుస్తుంది. నెట్‌వర్క్ కోసం ఎదురుచూడటాన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌కు, ఫైల్ పనులను మామూలుగా 4 థ్రెడ్లుండే పూల్‌కు అప్పగించి, ఈవెంట్ లూప్ (పనులను ఒక్కొక్కటిగా అందుకుని నడిపే నోడ్ చక్రం) తర్వాతి రిక్వెస్ట్ అందుకుంటుంది. అందుకే వేల కనెక్షన్లనైనా మోయగలదు. లెక్కలు చేసే పని మాత్రం అప్పగించడానికి ఎవరూ ఉండరు. ఎసింక్ అనే మాట కోడ్‌ను వేరే థ్రెడ్‌కు పంపదు. లోపల అవెయిట్ దగ్గర నిజంగా ఎదురుచూసే పని ఉంటేనే లూప్‌కు తీరిక దొరుకుతుంది.

ఇది కళ్లారా చూడవచ్చు. సర్వర్‌లో ఒక దారిలో (ఒక అడ్రస్‌కు) 10 సెకన్లు తిరిగే వైల్ లూప్ పెట్టండి, మరో దారిలో వెంటనే 'సరే' అని పంపండి. రెండూ రెండు ట్యాబుల్లో తెరవండి. రెండోది కూడా ఆగిపోతుంది. వైల్ లూప్ తీసి 10 సెకన్ల టైమర్‌ను అవెయిట్ చేయండి, రెండోది వెంటనే వస్తుంది. రెండు ట్యాబుల్లోనూ ఒకే అడ్రస్ పెట్టకండి: క్రోమ్ తానే ఒకదాని తర్వాత ఒకటి పంపి మిమ్మల్ని తప్పుదారి పట్టించవచ్చు.

మీ రిపోర్ట్ కోడ్‌లో పేరు చివర సింక్ ఉన్న ఫైల్ ఫంక్షన్లు ఉంటే ముందు వాటిని ఎసింక్ రకానికి మార్చండి. పెద్ద జేసన్‌ను పార్స్ చేయడమూ ఈవెంట్ లూప్‌ను పట్టి ఉంచుతుంది. అయినా బరువు తగ్గకపోతే వర్కర్ థ్రెడ్ (లెక్కలను పక్కన నడిపే వేరే థ్రెడ్) వాడండి. సర్వర్ ప్రాసెస్‌లను పెంచితే నొప్పి తగ్గుతుంది గానీ జబ్బు పోదు.

ప్రశ్న: ఎక్స్‌ప్రెస్‌లో పోస్ట్ చేసిన డేటా అన్‌డిఫైన్డ్ అని వస్తోంది.

జవాబు: ఎక్స్‌ప్రెస్ డాట్ జేసన్ మిడిల్‌వేర్‌ను (రిక్వెస్ట్ మీ కోడ్‌కు చేరేలోపు దాని మీద పనిచేసే ఫంక్షన్‌ను) మీ రూట్ల (ఒక్కో అడ్రస్‌కు జవాబిచ్చే కోడ్) కంటే పైన పెట్టండి, కింద పెడితే వాటికి అందదు. పంపేవైపు కంటెంట్ టైప్ అప్లికేషన్ జేసన్ అని ఉందో లేదో కూడా చూడండి. మామూలు హెచ్‌టీఎంఎల్ ఫారమ్ అయితే దానికి యూఆర్ఎల్ఎన్‌కోడెడ్ మిడిల్‌వేర్ వేరే కావాలి.