కేబిన్ కన్నా ముందు గాలి, నీడ చూడండి

మిర్యాలగూడ నుంచి అడిగారు కదా, నిజాంపట్నం దగ్గర సముద్రంలో సెలవు రోజుల్లో తిరగడానికి, రాత్రి ఇద్దరు పడుకోవడానికి 20 అడుగుల కేబిన్ బోటు కావాలని, నాగార్జునసాగర్ రిజర్వాయర్‌లో తిరిగిన పాత బోటు చవగ్గా వస్తోంది తీసుకోవచ్చా అని. మాది హాలియా. సరిగ్గా ఇదే పని నేనూ, నిజాంపట్నంలో ఉండే మా బావా కలిసి చేశాం. రిజర్వాయర్‌లో తిరిగిన ఫైబర్ బోటునే బేరమాడి తెచ్చుకున్నాం.

కేబిన్ చూసే పడిపోయాం. మధ్యాహ్నం అందులో కూర్చుంటే ఎండలో పెట్టిన బీరువాలో ఉన్నట్టే. కప్పు మీద ఉన్న ఒక్క అద్దం మూత తెరుచుకునేది కాదు. మొదటి రాత్రి పదింటికే పరుపు బయటికి లాగి, దోమలతో కుస్తీ పట్టాం. ముందువైపు కప్పులో తెరుచుకునే మూత ఉన్నదే చూడండి. లంగరు వేశాక బోటు మూతి ఎక్కువసార్లు గాలివైపే తిరుగుతుంది, గాలి ముందు నుంచి దూరి వెనక తలుపులోంచి పోతుంది. ఏసీ అదే. స్టీరింగ్ దగ్గర గట్టి పైకప్పు కూడా ఉండాలి. పగలంతా గడిపేది అక్కడే.

ఇక సాగర్ బోటుతో అసలు చిక్కు. ఇంజన్ కింద బోల్టుతో బిగించిన ఒక లోహపు ముక్క ఉంటుంది, యానోడ్ అంటారు. ఇంజన్‌కు పట్టాల్సిన తుప్పు ముందు అది తింటుంది. మంచినీళ్ళలో మెగ్నీషియంది వాడతారు, ఉప్పునీళ్ళకు జింక్ గానీ అల్యూమినియం గానీ ఉండాలి. మాకెవరూ చెప్పలేదు. నెల తిరిగేసరికి ఆ ముక్క ఎలుకలు కొరికిన బెల్లం గడ్డలా తయారైంది. మార్చకపోయి ఉంటే తర్వాత ఇంజన్ వంతే. వైర్లు కూడా తగరం పూత ఉన్న రాగివి వేయించాల్సి వచ్చింది.

కొనేముందు స్క్రూడ్రైవర్ పిడితో డెక్, అంటే బోటులో నడిచే నేల, అంతా తట్టండి. ఖణేల్‌మంటే సరే. మొద్దుగా పలికితే లోపలి ప్లైవుడ్ నానినట్టు. మాది సీటు కింద అలాగే పలికింది. అమ్మినాయన "ఎండకు అట్లనే ఉంటది" అన్నాడు, మేమూ తల ఊపాం! ఆ చోట డెక్ కోసి మళ్ళీ వేయించేసరికి బేరంలో మిగిలిందంతా పోయింది.

ఇంజన్ అవుట్‌బోర్డే, అంటే బోటు వెనక బయట బిగించేదే మేలు. పాటులో నీళ్ళు తగ్గినప్పుడు పైకి లేపుకోవచ్చు, తిరిగొచ్చాక మంచినీళ్ళతో పది నిమిషాలు కడగడమూ తేలిక. పెట్రోల్‌లో మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మిగతాది ముట్టుకోవద్దు. లైఫ్ జాకెట్లు, ఒడ్డుతో, మిగతా బోట్లతో మాట్లాడే వీహెచ్‌ఎఫ్ రేడియో లేకుండా బయల్దేరకండి. ఆపదలో పిలవాల్సింది 16వ ఛానల్. ఫోన్ అందితే కోస్ట్ గార్డ్ నంబర్ 1554.

అన్నిటికన్నా బోటు అడుగుభాగం ముఖ్యం. చదును అడుగు సాగర్‌లో హాయిగా జారుతుంది, సముద్రంలో ప్రతి అలకూ నడుం మీద దెబ్బే. వి ఆకారం లోతుగా ఉంటే అలను కోసుకుంటూ పోతుంది. కాకపోతే పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, ఆగినప్పుడు కాస్త ఊగుతుంది. మీరు చూసిన బోటును వెనక నుంచి, అడుగు కనబడేలా ఫొటో తీసి పెట్టండి. చదునుగా ఉంటే దాన్ని సాగర్‌లోనే తిరగనివ్వండి.