వేసవి ప్రయాణానికి సెప్టెంబరు నుంచే సన్నాహం

ప్రశ్న: మేమిద్దరం హైదరాబాద్‌లో ప్రైవేటు పాఠశాల ఉపాధ్యాయులం. ఇద్దరి జీతాలు కలిపి నెలకు 58 వేల రూపాయలు. వచ్చే మే 10న బయలుదేరి, పదేళ్ల అమ్మాయి, ఆరేళ్ల అబ్బాయితో అయిదు రోజులు అరకు వెళ్లి రావాలనుకుంటున్నాం. పర్యావరణానికి హాని లేకుండా వెళ్లాలని అమ్మాయి పట్టుబడుతోంది. ఆన్‌లైన్‌లో 4,200 రూపాయలకు ఒక ‘పర్యావరణహిత ప్రయాణ కిట్’ చూశాం. అది కొనాలా? సొంత కారు మేలా, రైలు మేలా? ఖర్చును క్రెడిట్ కార్డు వాయిదాల్లోకి మార్చుకోవచ్చా?

సమాధానం: మీ అమ్మాయి కోరిక మీ బడ్జెట్‌కు బరువు కాదు, పైగా కలిసొచ్చేదే. అయితే ఆ కలిసిరావడం ముందుగా మొదలుపెట్టిన వారికే ఉంటుంది. ఆఖరి వారంలో హడావిడిగా సర్దుకునే కుటుంబం టికెట్టుకు ఎక్కువ చెల్లిస్తుంది, అవసరం లేనివి కొంటుంది, చివరికి అప్పు చేస్తుంది.

ముందుగా ప్రయాణ సాధనం సంగతి చూద్దాం. హైదరాబాద్ నుంచి విశాఖ మీదుగా అరకు వెళ్లి రావడానికి సుమారు 1,450 కిలోమీటర్లు. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారుకు దాదాపు 97 లీటర్ల పెట్రోలు కావాలి. లీటరు 107 రూపాయల లెక్కన పది వేల పైమాటే, టోలు రుసుములు వేరు. లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కనుక, మీ కారు ఒక్కటే 220 కిలోలకు పైగా గాలిలో కలుపుతుంది. విశాఖ వరకు రైలులో స్లీపరు తరగతిలో వెళ్తే నలుగురి రానుపోను ఛార్జీ ఆ పెట్రోలు ఖర్చులో సగం కూడా కాదు. మే నెల వేడికి పిల్లలతో స్లీపరు కష్టమనుకుని థర్డ్ ఏసీ తీసుకుంటే ఖర్చు కారుతో ఇంచుమించు సమానం కావచ్చు. అయినా రాత్రంతా కారు నడిపే శ్రమ తప్పుతుంది కనుక నేను రైలునే ఎంచుకోమంటాను. విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే రైలు ఎక్కితే సొరంగాలు దాటుకుంటూ, బొర్రా గుహల మీదుగా అరకు చేరుస్తుంది. పిల్లలకు ఆ దారే సగం విహారం.

రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువు 2024 నవంబరు 1 నుంచి 120 రోజులకు బదులు 60 రోజులైంది. అంటే మే 10 ప్రయాణానికి మార్చి 11 ఉదయం 8 గంటలకు బుకింగు తెరుచుకుంటుంది. ఆ ఉదయం చేతిలో డబ్బు ఉండాలి. తత్కాల్ దాకా ఆగితే అదనపు ఛార్జీ పడుతుంది, ఖరారైన తత్కాల్ టికెట్టును రద్దు చేసుకుంటే పైసా తిరిగి రాదు. మీ పిల్లలిద్దరూ 5 నుంచి 12 ఏళ్ల లోపు వారు కనుక బెర్తు వద్దంటే సగం ఛార్జీ, బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ. రాత్రి ప్రయాణంలో ఇద్దరికీ బెర్తులు తీసుకోండి, అక్కడ పొదుపు చేయవద్దు.

డబ్బు కోసం ఈ సెప్టెంబరు 5న మీ బ్యాంకులో ఆరు నెలల రికరింగ్ డిపాజిట్ (ఆర్డీ) తెరిచి, నెలకు 6,000 రూపాయలు కట్టండి. కొన్ని బ్యాంకుల్లో కనీస గడువు ఏడాది ఉంటుంది కనుక ముందే అడిగి తెలుసుకోండి. పోస్టాఫీసు ఆర్డీ అయిదేళ్లది, ఈ అవసరానికి పనికిరాదు. వడ్డీ 6 శాతం అనుకుంటే మార్చి 5 నాటికి 36,600 రూపాయల వరకు చేతికొస్తుంది. పొదుపుగా వెళ్లే నలుగురికి అది చాలుతుంది.

క్రెడిట్ కార్డు వాయిదాలు వద్దని గట్టిగా చెబుతున్నాను. ‘వడ్డీ లేదు’ అన్న చోట కూడా ప్రాసెసింగ్ రుసుము, తగ్గింపు పేరుతో ధరలో సర్దేసిన వడ్డీ భాగంపై 18 శాతం జీఎస్టీ పడవచ్చు. అంతకంటే ముఖ్యమైనది, మే నెలలో వెళ్లిన విహారానికి తొలి వాయిదా సరిగ్గా జూన్‌లో, పిల్లల ఫీజులు, పుస్తకాలు, యూనిఫారాలు మీద పడే నెలలో మొదలవుతుంది. వేసవి జీతాలు ఆలస్యమయ్యే ప్రైవేటు పాఠశాలలూ ఉన్నాయని మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇక ఆ కిట్టు కొనవద్దు. కొత్త వస్తువు తయారీకి, ప్యాకింగుకు, మీ గుమ్మం దాకా రవాణాకు అయ్యే హానిని, వంటింట్లో ఇప్పటికే ఉన్న స్టీలు సీసా, టిఫిన్ క్యారేజీ, పాత చీరతో కుట్టిన సంచి పూర్తిగా తప్పిస్తాయి. నలుగురూ రోజుకు తలా రెండు లీటర్ల నీళ్లు కొంటే అయిదు రోజులకు 40 సీసాలు, సీసా 20 రూపాయల చొప్పున 800 రూపాయలు. బస కుదుర్చుకునే ముందే ఫిల్టరు నీళ్లు ఉంటాయా అని ఫోనులో అడగండి. మొదటి రాత్రికి పులిహోర, పెరుగన్నం కట్టుకుంటే రైలులో భోజనం ఖర్చూ, రేకు డబ్బాల చెత్తా రెండూ ఉండవు.

ఇంటిని సిద్ధం చేయడం చాలామంది మరిచిపోతారు. ఒక ఏడాది మేము ఎనిమిది రోజులు ఊరెళ్లి తిరిగివచ్చి చూస్తే, తాళం వేసిన ఇంట్లో మీటరు 10 యూనిట్లు తిరిగింది. ఫ్రిజ్, వైఫై రూటరు, సెట్‌టాప్ బాక్సు ఎవరి కోసమూ కాకుండా నడుస్తూనే ఉన్నాయి. ఆ తరువాతి ఏడాది వారం ముందు నుంచే కూరగాయలు కొనడం తగ్గించి, ఫ్రిజ్‌ను ఖాళీ చేసి తుడిచి, తలుపు కాస్త తెరిచి ఉంచి, మెయిన్ కట్టేసి వెళ్లాం. వచ్చాక మీటరు అంకె కదలలేదు. మిగిలింది వంద రూపాయల లోపే, కానీ వృథా ఎక్కడుందో పిల్లల కళ్లకు కనబడింది. మీరు పాలు, పత్రిక నాలుగు రోజుల ముందే ఆపించండి. గ్యాస్ రెగ్యులేటరు, ట్యాంకు వాల్వు కట్టేయండి. మెయిన్ కట్టిన తరువాత మీటరు అంకెను ఫొటో తీసే పని మీ అమ్మాయికే అప్పగించండి.