ఇంటి లెక్కలు నేర్చుకోవడానికి లక్షన్నర రూపాయల డిగ్రీ అవసరమా?

ప్రశ్న: ప్రకాశం జిల్లాలో ప్రభుత్వ పాఠశాలలో ఎస్‌జీటీగా పనిచేస్తున్నాను. వయసు 36 ఏళ్లు. కోతలు పోను నెలకు 51 వేలు చేతికి వస్తుంది. మావారి ఎరువుల దుకాణం మీద సగటున 20 వేలు మిగులుతుంది. బ్యాంకులో 2 లక్షల బంగారం రుణం, క్రెడిట్ కార్డు మీద 60 వేల బాకీ ఉన్నాయి. నెలకు 10 వేల చొప్పున 2 లక్షల చిట్టీ కడుతున్నాము. ఏటా 48 వేల ప్రీమియంతో పొదుపు, బీమా కలిసిన ఎండోమెంట్ పాలసీ ఉంది. ఎంత వస్తున్నా ఏమీ మిగలడం లేదు. డబ్బు విషయాలు సొంతంగా అర్థం చేసుకోవాలని ఒక విశ్వవిద్యాలయం ఆన్‌లైన్‌లో నడిపే ఎంబీఏ ఫైనాన్స్‌లో చేరాలనుకుంటున్నాను. రెండేళ్లకు ఫీజు లక్షన్నర. నెలకు 6,250 చొప్పున 24 వాయిదాల్లో కట్టవచ్చని, వడ్డీ ఉండదని చెబుతున్నారు. చదివాక సెలవుల్లో తెలిసినవారికి పెట్టుబడి సలహాలిచ్చి కొంత సంపాదించవచ్చనే ఆశ కూడా ఉంది. చేరమంటారా?

జవాబు: టీచర్ గారూ, నేర్చుకోవాలన్న మీ నిర్ణయం సరైనదే. దాన్ని వాయిదా వేయవద్దని ముందుగానే చెబుతున్నాను. అయితే మీరు నేర్చుకోదలచిన విషయం ఒకటి, డబ్బు కట్టబోతున్న చదువు మరొకటి. ఎంబీఏ ఫైనాన్స్‌లో ప్రధానంగా ఉండేది ఒక కంపెనీ మూలధనాన్ని ఎలా సమకూర్చుకోవాలి, బ్యాలెన్స్ షీటును ఎలా విశ్లేషించాలి, కొత్త ప్రాజెక్టు లాభసాటి అవునో కాదో ఎలా తేల్చాలి అన్న విషయాలే. వాటితోపాటు మార్కెటింగు, సిబ్బంది నిర్వహణ వంటి పేపర్లు కూడా రాయాలి. ఇవన్నీ విలువైన విషయాలే కానీ, కార్డు బాకీ ముందు తీర్చాలా, చిట్టీ ఇప్పుడు పాడుకోవాలా, పాలసీ కొనసాగించాలా అన్న మీ ప్రశ్నలకు సమాధానం ఆ పుస్తకాల్లో నేరుగా దొరకదు.

నా సలహా ఏమిటంటే, ఎంబీఏ ఆలోచనను ప్రస్తుతానికి పక్కన పెట్టి, వ్యక్తిగత ఆర్థిక నిర్వహణపై విశ్వవిద్యాలయ స్థాయి ఉచిత కోర్సు ఒకటి తీసుకోండి. వాయిదాకు కేటాయించదలచిన 6,250 రూపాయలను అదే నెల నుంచి క్రెడిట్ కార్డు బాకీకి మళ్లించండి.

కార్డు సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే ఇదే మీ మొదటి పాఠం. చాలా కార్డుల మీద నిలిచిపోయిన బాకీకి నెలకు 3.5 శాతం వరకు వడ్డీ పడుతుంది, అంటే ఏడాదికి 42 శాతం. మీ కార్డు వడ్డీ కూడా అంతే అనుకుంటే, 60 వేలకు నెలకు 2,100 వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ 378, మొత్తం 2,478 రూపాయలు. బిల్లులో కనిపించే కనీస మొత్తం బాకీలో 5 శాతం, అంటే 3 వేలే కట్టి ఊరుకుంటే, అసలులో తగ్గేది 522 రూపాయలు మాత్రమే. అదే కార్డును కొత్తగా వాడకుండా నెలకు 6,250 చొప్పున కడితే 13వ నెలలో బాకీ తీరిపోతుంది, అయితే వడ్డీ, పన్నుల రూపంలో దాదాపు 18 వేలు పోతాయి. మీరు తాకట్టు పెట్టిన బంగారం మీద బ్యాంకు ఇంకో 60 వేలు ఇచ్చే వీలుంటే, సుమారు 10 శాతం వడ్డీకి ఆ సొమ్ము తీసుకుని కార్డు బాకీని ఒక్కసారిగా కట్టివేయండి. అదే 6,250 రూపాయలను బంగారం రుణానికి కడుతూ పోతే ఆ 60 వేలు పది నెలలకు కాస్త అటూఇటూగా తీరిపోతాయి, వడ్డీ మూడు వేల లోపే ఉంటుంది. వస్తువు చేజారుతుందన్న భయం చాలామందిని బంగారం రుణానికి దూరంగా ఉంచుతుంది, అది సహజమే. కానీ నెలవారీగా తీర్చగల ఆదాయం చేతిలో ఉండి కూడా ఆ భయంతో 42 శాతం వడ్డీ భరించడం నాకు ఏ విధంగానూ సమ్మతం కాదు.

‘వడ్డీ లేని వాయిదాలు’ అన్న మాట గురించి ఒక హెచ్చరిక. ఇటువంటి ఏర్పాట్లలో చాలావరకు మీ తరఫున ఒక ఫైనాన్స్ సంస్థ ఫీజు మొత్తాన్ని ముందే చెల్లిస్తుంది, మీరు నెలనెలా కట్టేది ఆ సంస్థకు తీర్చే అప్పు. మొదటి సెమిస్టర్ తరువాత చదువు మానేసినా అప్పు ఆగదు, వాయిదా తప్పితే ఆ సంగతి మీ క్రెడిట్ రికార్డులో నమోదవుతుంది. రేపు పిల్లల ఉన్నత చదువుకో, ఇంటి కోసమో రుణానికి వెళ్లినప్పుడు అదే అడ్డు నిలుస్తుంది. ఎప్పుడైనా ఇలాంటి ఒప్పందం మీద సంతకం చేయవలసి వస్తే, రుణం ఎవరిస్తున్నారో, మధ్యలో మానుకుంటే ఫీజులో ఎంత తిరిగి వస్తుందో రాతపూర్వకంగా తీసుకోండి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం రుణదాత ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలి కాబట్టి దాన్ని అడిగి చదవండి.

ఇక కోర్సు ఎక్కడ తీసుకోవాలన్నది. కేంద్ర విద్యాశాఖ 2017లో ప్రారంభించిన ‘స్వయం’ వేదికలో ఐఐటీలు, ఐఐఎం బెంగళూరు, ఇగ్నో వంటి సంస్థల కోర్సులు ఉంటాయి. చేరడానికి, పాఠాలు వినడానికి రుసుము లేదు. ధ్రువపత్రం కావాలనుకుంటేనే వెయ్యి రూపాయలకు అటూఇటూగా ఉండే పరీక్ష రుసుము కట్టి, కేటాయించిన కేంద్రానికి వెళ్లి పరీక్ష రాయాలి. ఇందులో భాగంగా ఐఐటీలు నడిపే ఎన్‌పీటీఈఎల్ కోర్సుల్లో వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లకు 25 శాతం, చివరి పరీక్షకు 75 శాతం మార్కులుంటాయి. ఆ వారం గడువు మీలాంటి ఉద్యోగినులకు మేలే చేస్తుంది, ఎందుకంటే గడువు లేని ఉచిత కోర్సు చాలా ఇళ్లలో మూడో పాఠం దగ్గరే ఆగిపోతుంది. స్టాక్ మార్కెట్లను నియంత్రించే సెబీ 2006లో నెలకొల్పిన జాతీయ సెక్యూరిటీస్ మార్కెట్ల సంస్థ, అంటే ఎన్ఐఎస్ఎం, సామాన్య మదుపరుల కోసం నిర్వహించే సర్టిఫికేషన్ పరీక్షకు రుసుము లేదు, దాని పాఠ్యపుస్తకమూ ఉచితమే. ఆంగ్ల పరిభాష మొదట్లో కష్టమనిపిస్తే సెబీ వెలువరించిన ఆర్థిక విద్య పుస్తకం తెలుగులో కూడా దొరుకుతుంది. ముందు దాన్ని పూర్తిగా చదివి, ఆపై కోర్సులోకి వెళ్లండి.

విదేశీ విశ్వవిద్యాలయాల కోర్సులు కూడా మీ కంట పడే ఉంటాయి. యేల్ విశ్వవిద్యాలయం తరఫున నోబెల్ గ్రహీత రాబర్ట్ షిల్లర్ చెప్పిన ఆర్థిక మార్కెట్ల పాఠాలు, బ్రిటన్‌లోని ఓపెన్ యూనివర్సిటీ ఉచితంగా ఇచ్చే సొంత డబ్బు నిర్వహణ కోర్సు మంచివే. చక్రవడ్డీ, ద్రవ్యోల్బణం, నష్టభయం, పెట్టుబడిని పలుచోట్ల పంచడం వంటి సూత్రాలు ఏ దేశంలోనైనా ఒక్కటే. కానీ విదేశీ కోర్సులు సొంత డబ్బు విషయానికి వచ్చేసరికి అమెరికాలోని 401కే పదవీ విరమణ ఖాతా, బ్రిటన్ పెన్షన్లు వంటి ఆయా దేశాల పథకాల గురించే మాట్లాడతాయి. మీకు కావలసింది సీపీఎస్ అనే ఉద్యోగుల వాటా పెన్షన్ పథకం, ఏపీజీఎల్ఐ అనే రాష్ట్ర ప్రభుత్వ జీవిత బీమా, పీపీఎఫ్, సుకన్య సమృద్ధి, చిట్టీ, బంగారం రుణం. కాబట్టి మొదటి కోర్సు మన దేశానికి చెందినదే కావాలి. చేరేముందు పాఠ్యప్రణాళిక తెరిచి బడ్జెట్, అప్పులు, బీమా, ఆదాయపు పన్ను, పదవీ విరమణ, నామినేషన్లు, వీలునామా అన్నీ ఉన్నాయో లేదో చూడండి. షేర్ల గురించి తప్ప మిగతావేవీ లేని కోర్సును వ్యక్తిగత ఆర్థిక నిర్వహణ కోర్సుగా పరిగణించకండి.

పాఠం వినడం ఒక ఎత్తు, దాన్ని సొంత కాగితాల మీద పరీక్షించడం మరొక ఎత్తు. నేను ఎక్కువగా పట్టుబట్టేది ఈ రెండో దాని మీదే. డబ్బుకు కాలంతోపాటు మారే విలువ గురించి పాఠం వచ్చిన వారంలో మీ పాలసీ బాండును బయటకు తీయండి. ఉదాహరణకు దాని కాలం 20 ఏళ్లనీ, చివర బోనసులతో కలిపి 18 లక్షలు వస్తుందని ఏజెంటు చెప్పారనీ అనుకుందాం. కట్టేది 9.6 లక్షలు, వచ్చేది 18 లక్షలు కాబట్టి దాదాపు రెట్టింపు అవుతుందని అనిపిస్తుంది. ఫోనులోని స్ప్రెడ్‌షీటులో ఒక నిలువు వరుసలో 20 గడుల్లో మైనస్ 48,000 వేసి, 21వ గడిలో 18,00,000 వేసి, కట్టిన డబ్బు మీద ఏటా ఎంత శాతం రాబడి వస్తుందో చూపే ఐఆర్ఆర్ అనే సూత్రాన్ని వాడి చూడండి. సుమారు 5.7 శాతం అని వస్తుంది. పీపీఎఫ్ వడ్డీ 2020 ఏప్రిల్ నుంచి 7.1 శాతంగా ఉంది. పాలసీలో కొంత సొమ్ము జీవిత బీమా రక్షణకు పోతుందన్న మాట నిజమే, ఆ మేరకు తేడాను అర్థం చేసుకోవాలి. అయినా ఏటా 48 వేలు కడుతూ మీకు ఎన్ని లక్షల బీమా ఉందో చూసుకోండి, అదే మొత్తంలో చిన్న భాగానికి, పొదుపు లేకుండా బీమా మాత్రమే ఉండే టర్మ్ పాలసీ ఎంత రక్షణ ఇస్తుందో పక్కన రాసుకోండి. దీన్ని చూసి పాలసీని వెంటనే సరెండర్ చేయకండి. ఎన్నేళ్లు కట్టారు, ఇప్పుడు వదులుకుంటే ఎంత వస్తుంది, ఇక ప్రీమియం కట్టకుండా పెయిడప్‌గా మారిస్తే ఎంత వస్తుంది అన్న మూడు అంకెలు సంస్థ నుంచి తెప్పించుకుని అదే పద్ధతిలో లెక్క వేశాకే నిర్ణయించాలి.

చిట్టీకి కూడా ఇదే పద్ధతి. ఇరవై మంది, నెలకు 10 వేలు, 2 లక్షల చిట్టీలో ఒక నెల ఎవరైనా 50 వేలు తగ్గించుకుని పాడితే వారి చేతికి లక్షన్నర వస్తుంది. నిర్వాహకుల కమీషన్ 5 శాతం, అంటే 10 వేలు పోగా మిగిలిన 40 వేలు ఇరవై మందికీ పంచితే తలా 2 వేలు డివిడెండు, కాబట్టి ఆ నెల మీరు కట్టేది 8 వేలు. మీరు ఇంతవరకు నెలనెలా నిజంగా కట్టిన మొత్తాలను వరుసగా మైనస్‌గా వేసి, పాడుకున్న నెలలో చేతికి వచ్చిన సొమ్మును ప్లస్‌గా చేర్చి, తరువాతి వాయిదాలను మళ్లీ మైనస్‌గా వేస్తే ఐఆర్ఆర్ మీ చిట్టీ అసలు రంగును చూపిస్తుంది. ఇది నెలవారీ రేటు కనుక 12తో గుణించి చూడాలి. ముందుగా పాడుకున్నవారికి చిట్టీ ఒక అప్పు, చివరిదాకా ఆగినవారికి పొదుపు. అప్పుగా మీకు పడే రేటు బంగారం రుణం కన్నా ఎక్కువైతే ఇప్పుడు పాట జోలికి వెళ్లకూడదు. మరో ముఖ్య విషయం, 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద మీ చిట్టీ రిజిస్టర్ అయిందో లేదో చూడండి. రిజిస్టర్ కాని చిట్టీలో ఎంత మంచి రేటు వచ్చినా ఈ లెక్కకు అర్థం లేదు.

పదవీ విరమణ పాఠం వచ్చినప్పుడు మీ సీపీఎస్ పెన్షన్ ఖాతా, అంటే ప్రాన్ ఖాతా స్టేట్‌మెంటును తెరవండి. 2004 సెప్టెంబరు 1 తరువాత చేరినవారు కాబట్టి మూలవేతనం, డీఏ కలిపిన దానిలో 10 శాతం మీ జీతం నుంచి కోత పడుతుంది, ప్రభుత్వం తన వంతు జమ చేస్తుంది. ప్రతి నెలా ఆ రెండూ చేరుతున్నాయా, ఏ నెల అయినా తప్పిందా అని చూడటం మీ కర్తవ్యం. నామినీ పేరు సరిగా ఉందో లేదో కూడా అప్పుడే చూడండి.

సంపాదన గురించి మీరు అడిగినదానికి స్పష్టంగా చెప్పాలి. రుసుము తీసుకుని పెట్టుబడి సలహాలివ్వడం 2013 నాటి సెబీ ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్ల నిబంధనల పరిధిలోకి వస్తుంది. అందుకు ఎన్ఐఎస్ఎం పరీక్షలు 10-ఏ, 10-బీ ఉత్తీర్ణులై సెబీ వద్ద నమోదు చేసుకోవాలి, కేవలం ఎంబీఏ ఉన్నంత మాత్రాన ఆ హక్కు రాదు. మ్యూచువల్ ఫండ్లను కమీషన్ మీద అమ్మేందుకు 5-ఏ పరీక్ష, మ్యూచువల్ ఫండ్ సంస్థల సంఘమైన యాంఫీ వద్ద నమోదు కావాలి. వీటన్నిటి కన్నా ముందు, మీరు ప్రభుత్వ ఉద్యోగి. ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల 1964 ప్రవర్తన నియమావళి ప్రకారం ప్రభుత్వ అనుమతి లేకుండా ప్రైవేటు వ్యాపకం చేపట్టడం కుదరదు. సెలవుల్లో చేసినా, పరిచయస్తులకే చేసినా, చేతికి డబ్బు వస్తే అది వ్యాపకమే. ఉద్యోగ భద్రతను పణంగా పెట్టే ఆ ఆదాయాన్ని దయచేసి మీ లెక్కల్లో చేర్చకండి. ఇదే సందర్భంలో, ఆన్‌లైన్‌లో ట్రేడింగ్ నేర్పిస్తామని పిలిచేవారి నుంచి కూడా దూరంగా ఉండండి. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ అనే షేర్ మార్కెట్ ముందస్తు ఒప్పందాల్లో పాల్గొన్న వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని, ఆ నష్టం మొత్తం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటిందని సెబీ అధ్యయనమే తేల్చింది.

డిగ్రీ వల్ల ఉద్యోగంలో లాభమున్నదా అన్నదీ చూద్దాం. స్కూల్ అసిస్టెంట్ పదోన్నతికి సంబంధిత సబ్జెక్టులో డిగ్రీ, బీఎడ్ చూస్తారు గనుక ఎంబీఏ అక్కడ అక్కరకు రాదు. మరి కొన్నేళ్ల తరువాత ఉద్యోగం మారాలన్న ఆలోచనతో ఎంబీఏ చేయాలనుకుంటే అది వేరే నిర్ణయం, తప్పు కూడా కాదు. యూజీసీ 2020 నిబంధనల కింద అనుమతి పొందిన ఆన్‌లైన్ డిగ్రీలను సాధారణ డిగ్రీలతో సమానంగా పరిగణించాలని 2022లో యూజీసీయే ప్రకటించింది. అయితే విశ్వవిద్యాలయానికి మంచి పేరుంటే సరిపోదు, మీరు చేరే కోర్సుకు ఆ విద్యా సంవత్సరంలో అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్య బ్యూరో వెబ్‌సైటులో చూసుకోవాలి. పనిలో ఉంటూ చదవడానికి శాఖ అనుమతి తీసుకోవడం కూడా మరవవద్దు.

వరుస ఇలా పెట్టుకోండి. ఈ నెలలో కార్డు బాకీని బంగారం రుణంలోకి మార్చి, వచ్చే ‘స్వయం’ సెమిస్టర్‌లో ఒక్క కోర్సులో మాత్రమే పేరు నమోదు చేసుకోండి. వీలైతే మీ భర్త గారిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని పాఠాలు వినండి, ఎందుకంటే దుకాణం లెక్కలు, ఇంటి లెక్కలు ఒకే గల్లాలోంచి నడుస్తున్నంత కాలం మిగలకపోవడానికి కారణం తేలదు. ముందుగా ఆ రెంటికీ వేర్వేరు బ్యాంకు ఖాతాలు తెరవండి. బంగారం రుణంలోకి మారిన ఆ 60 వేలు తీరాక అదే 6,250 రూపాయలను రికరింగ్ డిపాజిట్‌కు మార్చి, మూడు నెలల ఇంటి ఖర్చుకు సరిపడే నిల్వ చేరేదాకా ఆపకండి. ఆ నిల్వ చేతిలో ఉండి, టర్మ్ బీమా తీసుకున్నాక కూడా ఎంబీఏ చేయాలన్న కోరిక అలాగే ఉంటే, అప్పుడు వాయిదాల ఒప్పందం లేకుండా సెమిస్టర్ ఫీజును సెమిస్టర్‌కు కట్టి చదవండి.