నైపుణ్యమున్న ఉద్యోగులను తయారుచేయడంలో కాలేజీ పాలకమండలి పనేమిటి?

పాలకమండలి పాఠాలు చెప్పదు. కానీ బడ్జెట్, కొత్త కోర్సులు, ప్రిన్సిపాల్ ఎంపిక చాలాచోట్ల దాని చేతిలోనే ఉంటాయి. అసలు ప్రభావం కనిపించేది డబ్బు దగ్గరే. ఉదాహరణకు, ఫ్యాక్టరీల్లో కంప్యూటర్‌తో నడిచే లేత్‌లు (లోహాన్ని తిప్పుతూ చెక్కే మెషీన్లు) వచ్చేశాయి. పాత లేత్ మీద చెయ్యి తిరగడం అవసరమే, కానీ ల్యాబ్ అక్కడే ఆగిపోతే పిల్లలు ఉద్యోగంలో మొదటి రోజే తడబడతారు. ఆ కొత్త మెషీన్ కొనాలా, ముందు ప్రహరీకి రంగులేయించాలా అని తేల్చేది మండలి మీటింగే.

నా దృష్టిలో మండలి ఏటా అడిగి తీరాల్సిన ప్రశ్న: నిరుడు పాసైనవాళ్లలో చదివిన పనిలోనే కుదురుకున్నది ఎంతమంది? ఉత్త ప్లేస్‌మెంట్ లెక్కలో ఇది బయటపడదు. కంపెనీలవాళ్ల సలహా కూడా తీసుకోవాలి. అయితే ఒక్క కంపెనీ కోసమే కోర్సు మలిస్తే, ఆ కంపెనీ మూతపడిన రోజున విద్యార్థి రోడ్డున పడతాడు.