స్లీవ్ తర్వాత గాల్‌బ్లాడర్‌లో రాళ్ళు: ఇప్పుడే తీయించుకోవాలా?

మీరు రాసింది చదివాను. బరువు తగ్గడానికి పొట్టను సన్నగా చేసే స్లీవ్ సర్జరీ అయి 9 నెలలైంది, బరువు బాగా తగ్గారు, మామూలుగా చేసిన స్కానింగ్‌లో గాల్‌బ్లాడర్‌లో చిన్న చిన్న రాళ్ళు కనిపించాయి, నొప్పి మాత్రం ఒక్కసారి కూడా రాలేదు. ఒక సర్జన్ తీసేద్దాం అంటున్నారు, ఇంకొకరు ఆగమంటున్నారు. ఉడిలివ్ మాత్ర వేసుకుంటే కరుగుతాయా అని మీరు అడుగుతున్నారు, అమ్మగారేమో రోజూ కొండపిండి కూర వండి పెడుతున్నారు.

నేను డాక్టర్ని కాను. బెంగళూరులోనే గ్యాస్ట్రిక్ బైపాస్ (బరువు తగ్గడానికి పొట్టను చిన్నది చేసి, తిండి వెళ్ళే దారిని పేగులోకి మళ్ళించే ఆపరేషన్) చేయించుకుని, ఏడాది తిరక్కుండానే గాల్‌బ్లాడర్ కూడా తీయించుకున్నదాన్ని. మా చిన్నాన్న కొడుకు వైట్‌ఫీల్డ్‌లో ఉంటాడు, వాడిది మీలాగే స్లీవ్. వాడికీ రాళ్ళున్నాయి, తీయించుకోలేదు, హాయిగా తిరుగుతున్నాడు. ఇద్దరం సరైన పనే చేశామని నా నమ్మకం. రాళ్ళున్నాయన్న ఒక్క మాట మీద తేలే విషయం కాదిది. నొప్పి వచ్చిందా లేదా, అయింది స్లీవా బైపాసా, ఈ రెండిటిని బట్టే తేలుతుంది.

ముందు కొండపిండి సంగతి. కొండపిండి, ఉలవచారు, అరటి దూట రసం ఇవన్నీ మనవాళ్ళు కిడ్నీ రాళ్ళకు చెప్పేవి. గాల్‌బ్లాడర్ రాయికి మూత్రంతో సంబంధమే లేదు. అది కాలేయం కింద పైత్యరసం నిలవుండే సంచిలో పుడుతుంది. కదిలితే సన్నటి పైత్యనాళంలోకే జారాలి, అక్కడ ఇరుక్కుంటే కామెర్లు, ఇంకా కిందికి పోయి అడ్డుపడితే పాంక్రియాస్ వాపు. చిన్న రాళ్ళే కదా అని ఎవరైనా అంటే నమ్మకండి, జారేవి ఎక్కువగా ఆ చిన్నవే. వాట్సాప్‌లో తిరిగే ఆలివ్ నూనె, నిమ్మరసం చిట్కా జోలికి అసలు పోవద్దు. అది తాగాక మర్నాడు పడే పచ్చటి ఉండలు రాళ్ళు కావు, ఆ నూనే కడుపులో సబ్బులా గడ్డకట్టి వచ్చేది. అమ్మగారి కూర మాత్రం తినండి, కూరగా అది బాగానే ఉంటుంది.

ఉడిలివ్ మాటకొస్తే, అది రాళ్ళు రాకుండా చూసే మందు, వచ్చినవాటిని కరిగించడంలో అంత గట్టిది కాదు. బరువు వేగంగా తగ్గుతున్నప్పుడు ఒంట్లో కొవ్వు కరిగి, కొలెస్ట్రాల్ ఎక్కువగా పైత్యరసంలోకి చేరుతుంది. మనం తినేది తక్కువ, అందులో నూనె ఇంకా తక్కువ కాబట్టి గాల్‌బ్లాడర్ సరిగ్గా ముడుచుకోదు, రసం అక్కడే నిలిచి చిక్కబడుతుంది. అందుకే చాలామంది సర్జన్లు ఆపరేషన్ అయిన మొదటి 6 నెలలు ఈ మాత్ర రాస్తారు. 1995లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో, బైపాస్ తర్వాత 6 నెలలు రోజుకు 600 మిల్లీగ్రాములు వేసుకున్నవాళ్ళలో 2 శాతం మందికే రాళ్ళు వచ్చాయి. మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో అది 32 శాతం. మీకు రాళ్ళు ఇప్పటికే ఏర్పడ్డాయి. కొలెస్ట్రాల్‌తో అయిన మరీ చిన్న రాళ్ళు నెలల తరబడి వేసుకుంటే కొందరికి కరుగుతాయి, మందు ఆపితే మళ్ళీ రావచ్చు. సర్జన్ కొనసాగించమంటే కొనసాగించండి, అంతేగాని రాళ్ళు పోతాయని దాని మీదే ఆశ పెట్టుకోకండి.

నా విషయంలో నొప్పే తేల్చేసింది. ఒక పెళ్ళి భోజనం తర్వాత రాత్రి రొమ్ము ఎముక కింద మొదలై, కుడి డొక్కలోకి, అక్కణ్ణుంచి వీపు మీద భుజం రెక్కలోకి పాకింది. కూర్చోలేను, పడుకోలేను, హాల్లో గోడ పట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతున్నాను. మావారు వాము నీళ్ళు ఇచ్చారు, ఏమీ లాభం లేదు. గ్యాస్ నొప్పి అయితే తేన్పు వచ్చాకో, బాత్రూంకి వెళ్ళొచ్చాకో కాస్త తేలికవుతుంది. ఇది గంటల తరబడి ఒకే తీవ్రతతో పట్టుకుని కూర్చుంటుంది. హాస్పిటల్‌కి బయలుదేరాం. అర్ధరాత్రి కాబట్టి ఎప్పుడూ ట్రాఫిక్‌తో నిండి ఉండే సిల్క్ బోర్డ్ జంక్షన్ దగ్గర కూడా రోడ్డు ఖాళీ, ఈ ఊళ్ళో జబ్బు పడితే ఆ టైంలోనే పడాలి.

ఎమర్జెన్సీలో అడుగు పెట్టగానే మావారు చెప్పిన మొదటి మాట "బైపాస్ అయిన పేషెంట్, డైక్లోఫెనాక్ ఇవ్వకండి" అని. కడుపు నొప్పితో వెళితే చాలాచోట్ల ముందు ఆ నొప్పి ఇంజెక్షనే పొడుస్తారు. బైపాస్ అయినవాళ్ళకు డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివి పొట్టనీ పేగునీ కలిపిన అతుకు దగ్గర అల్సర్ తెప్పించొచ్చు. స్లీవ్ వాళ్ళకు అంత కట్టడి ఉండకపోవచ్చు, అయినా మీ సర్జన్‌ని ఒకసారి అడిగి, ఆయన చెప్పింది ఫోన్‌లో నోట్ చేసి పెట్టుకోండి.

నొప్పి అనగానే గాల్‌బ్లాడర్ మీదకు తోసెయ్యకుండా మా సర్జన్ వరసగా చూశారు. అల్సర్ ఉందేమోనని ఎండోస్కోపీ. బైపాస్ తర్వాత పేగు లోపలే మెలికపడే హెర్నియా ఉంటుంది, అదేమోనని సీటీ. రెండూ బాగానే ఉన్నాయి. అల్ట్రాసౌండ్‌లో రాళ్ళు కనిపించాయి, ఎల్ఎఫ్‌టీ (కాలేయం పనితీరు చూసే రక్తపరీక్ష) కొంచెం పెరిగింది. నాళంలో ఏదైనా ఇరుక్కుందా అని ఎమ్మార్సీపీ (పైత్యనాళాలను చూపించే ఎమ్మారై స్కాన్) తీశారు, అక్కడ ఖాళీగానే ఉంది. అప్పుడు గానీ తీసేద్దాం అనలేదు.

ఇక్కడే స్లీవ్‌కీ బైపాస్‌కీ తేడా వస్తుంది. నాళంలో రాయి ఇరుక్కుంటే నోటి ద్వారా స్కోప్ పంపి తీస్తారు, దాన్ని ఈఆర్‌సీపీ అంటారు. స్లీవ్‌లో పొట్ట సన్నబడుతుందే గాని దారి మారదు, స్కోప్ మామూలుగానే వెళుతుంది. బైపాస్‌లో దారే మళ్ళించేశారు. పైత్యనాళం తెరుచుకునే చోటికి నోటి నుంచి చేరాలంటే పేగులో చాలా దూరం చుట్టి రావాలి, లేదా ల్యాపరోస్కోపీతో (చిన్న గాట్లతో చేసే ఆపరేషన్), దారి నుంచి తప్పించిన పాత పొట్టకు రంధ్రం పెట్టి అక్కణ్ణుంచి స్కోప్ దింపాలి. మినీ బైపాస్ అనే ఇంకో రకం ఆపరేషన్‌లోనూ దారి మళ్ళింపు ఉంటుంది. అందుకే బైపాస్ వాళ్ళకు నొప్పి వచ్చిందంటే సర్జన్లు ఇంకా ఆగుదాం అనరు. స్లీవ్ అయిన మా చిన్నాన్న కొడుకుతో వాళ్ళ డాక్టర్ అన్నది కూడా ఇదే: "రేపు రాయి జారినా నాకు దారి ఉంది, నొప్పి లేనివాడికి ఇప్పుడే కత్తి ఎందుకు?"

కాబట్టి మీ స్థితిలో నేనుంటే ఆగుతాను. రాళ్ళు ఏర్పడ్డవాళ్ళలో ఎక్కువమందికి నొప్పే రాదు. కానీ స్కాన్ రిపోర్ట్ మళ్ళీ ఒకసారి తీసి చూడండి. 1 సెంటీమీటర్ దాటిన పాలిప్ (లోపలి గోడ మీద పెరిగే చిన్న కండ) అనో, 3 సెంటీమీటర్లు దాటిన రాయి అనో, గాల్‌బ్లాడర్ గోడలో కాల్షియం పేరుకుందనో రాసి ఉంటే నొప్పి లేకపోయినా తీసెయ్యమంటారు. తీసేద్దాం అన్న సర్జన్‌ని అసలు కారణం అడగండి, ఇలాంటిది ఏదైనా చూసి అన్నారేమో.

ఇంకో రెండు సందర్భాల్లో నేనైతే తీయించుకోవడం వైపే మొగ్గుతాను. త్వరలో ప్రెగ్నెన్సీ ప్లాన్ ఉంటే ఒకటి, ఎందుకంటే గర్భంతో ఉన్నప్పుడు గాల్‌బ్లాడర్‌లో రాళ్ళు పెరిగే అవకాశం ఎక్కువ, అప్పుడు నొప్పి వస్తే ఇటు చెయ్యలేక అటు ఆగలేక అందరికీ టెన్షన్. ఆన్‌సైట్‌కి, అంటే కంపెనీ పని మీద విదేశానికి, వెళ్ళే అవకాశం ఉంటే రెండోది. అమెరికాలో ఎమర్జెన్సీ బిల్లు సంగతి మీ టీమ్‌లో ఎవరిని అడిగినా చెబుతారు.

ఆగితే ఒక షరతు మీద ఆగండి. నేను చెప్పినలాంటి నొప్పి ఒక్కసారి వచ్చినా, తగ్గిపోయింది కదా అని వదిలెయ్యకండి, అది మళ్ళీ వచ్చే రకం. సర్జన్‌ని కలిసి ఆపరేషన్‌కి డేట్ మాట్లాడుకోండి. జ్వరం, చలి, కళ్ళు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో పోవడం, వాంతులతో ఆగని నొప్పి, వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్ళాలి.

ఆపరేషన్ భయపడేంతది కాదు. నాలుగు చిన్న గాట్లు, మర్నాడే ఇంటికి పంపేశారు. కోత కంటే భుజం నొప్పి నన్ను ఎక్కువ విసిగించింది, పొట్టలోకి ఎక్కించిన గ్యాస్ వల్ల అలా ఉంటుందట, రెండు మూడు రోజుల్లో పోయింది. రిస్క్ అసలు లేదని మాత్రం చెప్పను. పైత్యనాళానికి దెబ్బ తగలడం అరుదే గాని, తగిలితే పెద్ద సమస్య. అందుకే అవసరం లేకుండా చేయించుకోమని ఎవరికీ చెప్పను. కొన్ని వారాలు విరేచనాలు కాస్త పల్చగా అయ్యాయి, ఇప్పటికీ వెన్న దట్టించిన బెన్నె దోశ పూర్తిగా తింటే పొట్ట ఊరుకోదు. సగం మావారికి ఇచ్చేస్తే ఏ గొడవా లేదు.

చివరగా ఇన్సూరెన్స్. సొంతంగా కొనుక్కున్న పాలసీల్లో చాలావాటికి గాల్‌బ్లాడర్ రాళ్ళ మీద 2 ఏళ్ళ వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. కంపెనీ గ్రూప్ పాలసీలో సాధారణంగా ఆ నిబంధన ఉండదు. ఉద్యోగం మారే ఆలోచన ఉంటే, రిజైన్ చేసేముందే కొత్త కంపెనీ పాలసీలో ఏముందో హెచ్‌ఆర్‌ని అడిగి తెలుసుకోండి.