ఆడుడు తప్పా, ఆడటమే ఒప్పా?

సందేహం: మాది నల్లగొండ జిల్లాలో దేవరకొండ దగ్గర ఒక ఊరు. మా బడి పూర్వ విద్యార్థుల సంచిక కోసం చిన్ననాటి ఆటల మీద ఒక వ్యాసం రాసి ఇచ్చాను. "పొద్దుగూకితే చాలు, అందరం బొడ్రాయి కాడ చేరేటోళ్లం. గోటీలాడుడు, చిర్రగోనె కొట్టుడు, చింతచెట్టు ఎక్కుడు, దుంకుడు, ఇదే మా పని" అని రాసుకున్నాను. అచ్చులో చూస్తే అది "గోళీలు ఆడటం, చిర్రగోనె కొట్టటం, చెట్టు ఎక్కటం, దూకటం" అయి కూర్చుంది. అడిగితే, 'ఆడుడు' అనేది తప్పు, అది యాస, రాతలో పనికిరాదు అన్నారు. నిజంగా తప్పేనా? ఇంకో చిన్న అనుమానం కూడా తీర్చండి. ఆటకు ముందు దొంగ ఎవరో తేల్చడానికి పంటలేసుకునేటప్పుడు మేము "వాడు పండిండు" అనేవాళ్లం. పండడానికి వాడేమన్నా మామిడికాయా అని మా మనవడు నవ్వుతున్నాడు. ఆ మాట ఎట్లా వచ్చింది?

సమాధానం: తప్పు కాదమ్మా. మీ వ్యాసంలో దాగుడుమూతలు, తొక్కుడుబిళ్ళ కూడా ఉండి ఉంటే దిద్దినవాళ్లు ఏం చేసేవారో చూడాలని నాకు సరదాగా ఉంది. 'దాగటం మూతలు' అని, 'తొక్కటం బిళ్ళ' అని మార్చేవారా? మార్చరు. శ్రీకాకుళం నుంచి గద్వాల దాకా ఎవరూ ఆ పేర్లను తప్పు అనరు. మరి 'దాగుడు'లో ఉన్న డు, 'తొక్కుడు'లో ఉన్న డు, మీ 'ఆడుడు'లో ఉన్న డు మూడూ ఒకటే. దాగు అనే క్రియకు డు చేరితే దాగుడు, అంటే దాక్కోవడం. మూయు నుంచి మూత వచ్చింది, కోయు నుంచి కోత, మేయు నుంచి మేత వచ్చినట్టు. ఒకరు కళ్లు మూసుకోవాలి, మిగిలినవాళ్లు దాక్కోవాలి. ఆట మొత్తం ఆ పేరులోనే ఉంది.

క్రియను నామవాచకంగా మార్చడానికి తెలుగులో చాలా దారులున్నాయి. ఆడుట అనేది గ్రాంథికం. ఆడటం, ఆడడం అనేవి ఇప్పుడు పత్రికల్లో, పుస్తకాల్లో నడుస్తున్న రూపాలు. ఆడుడు అనేది తెలంగాణ వ్యవహారం. మూడింటి అర్థం ఒకటే, మూడూ తెలుగు ధాతువుకు తెలుగు ప్రత్యయం చేర్చి కట్టుకున్నవే. ఇందులో ఒకటి భాష అని, ఇంకొకటి యాస అని గీత గీయడానికి వ్యాకరణంలో ఆధారమేమీ లేదు.

ఈ డు తెలంగాణకే పరిమితం అనుకుంటే అదీ పొరపాటే. తోపుడు బండి మీద కూరగాయలు కొంటాం. దంపుడు బియ్యం ఒంటికి మంచిదంటాం. ఊళ్లో పాత దిగుడుబావి ఉంటుంది. దారి ఎగుడుదిగుడుగా ఉందంటాం. చేనులో పొద్దుతిరుగుడు వేస్తాం. సరుకు అమ్ముడుపోయిందంటాం. కరెంటు చార్జీలు పెరిగితే 'బాదుడు' అని పత్రికలే పెద్ద అక్షరాలతో వేస్తాయి. కోస్తా వంటింట్లో బెండకాయ వేపుడు లేనిదే పూట గడవదు. వేపుడు ఒప్పు, ఆడుడు తప్పు అనేవాళ్లను ముందు భోజనానికి కూర్చోబెట్టి, ఆ తర్వాత వ్యాకరణం మాట్లాడాలి.

అయితే మీ వ్యాసం దిద్దినవాళ్ల చెవికి ఆడుడు ఎందుకు గుచ్చుకుందో కూడా చెప్పాలి, వాళ్లకూ ఒక కారణం ఉంది. కోస్తా వ్యవహారంలో ఈ డు కొన్ని మాటల్లో గడ్డకట్టి నిలిచిపోయింది. కొత్త క్రియకు దాన్ని చేర్చి మాట కట్టుకోవడం అక్కడ దాదాపు లేదు. నిలిచిన మాటల్లోనూ అర్థం కుంచించుకుపోయింది. 'తాగుడు' అంటే అక్కడ మందు తాగడమే. "వాడికి తాగుడు అలవాటైంది" అంటే ఏం తాగుతున్నాడని ఎవరూ అడగరు. 'వాగుడు' అంటే పనికిమాలిన మాటలు. 'దూకుడు' అంటే వెనకాముందు చూడకుండా మీద పడే తత్వం. అంటే ఆ చెవికి ఈ ప్రత్యయంలోనే కాస్త అతి, కాస్త ఎకసెక్కెం వినిపిస్తుంది. అందుకే మీరు మామూలుగా "ఆడుడు" అంటే, వాళ్లకు అది మోటుగానో వెక్కిరింపుగానో తోస్తుంది.

నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో అట్లా కాదు. ఇక్కడ ఈ డు ఇంకా పచ్చిగా ఉంది, ఏ క్రియకైనా అతుకుతుంది. తినుడు, వినుడు, వచ్చుడు, పోవుడు, ఉరుకుడు, గుంజుడు, ఓడిపోవుడు, ఏడిపించుడు. "మంచినీళ్లు తాగుడు తక్కువైంది" అని డాక్టరు అంటే ఎవరూ ఉలిక్కిపడరు. క్రికెట్‌లో బౌలింగ్ చేసుడు, ఫోనులో గేమ్ ఆడుడు, వీడియో అప్‌లోడ్ చేసుడు అని పిల్లలు ఇప్పటికీ అంటున్నారు. నిన్న మొన్న వచ్చిన పనికి కూడా చేరుతున్నదంటే ఆ ప్రత్యయం బతికి ఉన్నట్టే కదా.

అది ఎంత పద్ధతిగా నడుస్తుందో చూడండి. చేయు, రాయు, మోయు, వేయు లాంటి క్రియలకు డు చేరేటప్పుడు యు పోయి సు వస్తుంది: చేసుడు, రాసుడు, మోసుడు, ఏసుడు. 'చేయుడు' అని మీ ఊళ్లో ఎవరూ అనరు. అంటే వెంటనే పాత పరీక్ష పేపరు గుర్తొస్తుంది. "ఈ క్రింది ప్రశ్నలకు సమాధానములు వ్రాయుడు", "ఖాళీలను పూరింపుడు" అని ఉండేది, దాన్ని చూడగానే కడుపులో టెన్షన్ మొదలయ్యేది. ఆ డు పూర్తిగా వేరు. అది గ్రాంథికంలో నలుగురికి చెప్పే ఆజ్ఞ. వినుడు అంటే వినండి, చూడుడు అంటే చూడండి. ఆ లెక్కన గ్రాంథికంలో "ఆడుడు" అంటే "ఆడండి" అని అర్థం. రూపం కలిసిపోవచ్చు గాని వాక్యంలో పెడితే రెండింటికీ తికమక ఉండదు. వ్రాయుడు ఆజ్ఞ, రాసుడు పని. రాముడు, నాయకుడు అనే మాటల్లోని డు మూడోది. అది మగవాళ్లను చెప్పే నామాలకు చేరేది. మీ ఆడుడు మనిషి కాదు కాబట్టే "ఆడుడు అయింది, ఇగ ఇంటికి పోదాం" అంటాం గాని "ఆడుడు అయిండు" అనం.

ఇంకో సంగతి నాకు మరీ ముచ్చటగా ఉంటుంది. "ఉరుకుట్ల వాడే ఫస్టు", "ఆడుట్ల పడి తిండి మరిచిండు" అని మీ వైపు అంటారు కదా. ఆ ట్ల ఎక్కడిది? గూడుకు 'లో' చేరితే గూట్లో, నోరుకు చేరితే నోట్లో. చివరి డు, రు పోయి ట వస్తుంది. ఉరుకుడు ఉరుకుట్ల కావడం కూడా అచ్చం అదే దారి. బడి మొహం చూడని అవ్వ కూడా ఈ సూత్రం తప్పదు. దీన్ని యాస అని తీసిపారేస్తే, గూట్లో, నోట్లో అనే మాటల్ని ఏమనాలి?

(నారాయణపేట, గద్వాల వైపు కన్నడం వినిపించే ఊళ్లలో కొందరు, మన ఆడుడు కన్నడం 'ఆడువుదు' నుంచి వచ్చిందేమో అంటుంటారు. చెవికి దగ్గరగా ఉన్నా కట్టుబడి వేరు. కన్నడంలో అది 'ఆడువ' ప్లస్ 'అదు'. మన 'ఆడే' ప్లస్ 'అది', అంటే 'ఆడేది'కి అది తోబుట్టువు. ఆడుడుకు కాదు.)

మరి ఎక్కడ ఏది రాయాలి? దరఖాస్తులో, పాఠ్యపుస్తకంలో, అన్ని ప్రాంతాలవాళ్లూ చదివే వార్తలో ఆడటం, ఆడడం వాడితే సౌకర్యం. పరీక్షలో మార్కులు వేసేది ఎవరో తెలియదు కాబట్టి మీ మనవడు కూడా అట్లాగే రాయడం మేలు. కానీ సొంత ఊరి ఆటల మీద సొంత గొంతుతో రాసుకున్న జ్ఞాపకానికి ఈ నియమం పెట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది. అందులోనూ పని సగమే జరిగింది చూడండి. ఆడుడును ఆడటం చేసినవాళ్లు 'చిర్రగోనె'ను మాత్రం అట్లాగే ఉంచారు. దాన్ని బిళ్ళంగోడు అనో కర్రాబిళ్ళ అనో మార్చలేదు. ఆట పేరు మీ ఊరిది, ఆడే తీరు ఇంకో ఊరిది అయింది. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' వెలువరించినప్పుడు రాజుల యుద్ధాలను పక్కకు నెట్టి, జనం తిండిని, బట్టను, నమ్మకాలను, ఆటలను చరిత్రగా లెక్కపెట్టారు. తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో ఆ పుస్తకానికే దక్కింది. ఆటలు చరిత్ర అయినప్పుడు, ఆ ఆటలాడిన నోళ్లలోని మాటలు కూడా చరిత్రే కదా. వచ్చే సంచికలో సవరణ వేయమని అడగండి. అడుగుడు తప్పు కాదు.

గోటీలు, గోళీల సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. హిందీ, ఉర్దూల్లో గోలీ అంటే చిన్న ఉండ, గోటీ అంటే ఆటలో కదిపే కాయ. తెలంగాణ పిల్లలు గోటీ అన్నారు, మిగిలినవాళ్లు గోళీ అన్నారు. ఒకదాన్ని కొట్టేసి రెండోది పెట్టినంత మాత్రాన తెలుగుతనం పెరగదు, తరగదు. నేనైతే గోటీలు అనే ఉంచేవాణ్ణి.

చిర్రగోనె పేరు నాకు మరీ ఇష్టం. అందులో రెండు పనిముట్లూ ఉన్నాయి. రెండు కొసలూ చెక్కిన చిన్న పుల్ల చిర్ర, దాన్ని కొట్టే పొడుగు కట్టె గోనె. చిర్ర కొస మీద గోనెతో తడితే అది గిర్రున పైకి లేస్తుంది. నేల మీద పడేలోపే గాలిలో ఇంకో దెబ్బ కొట్టాలి. అది పడ్డ చోటు నుంచి గుంత దాకా గోనెతోనే కొలుస్తారు. కొలిచేటప్పుడు గోనెను కాస్త ముందుకు జరిపి వేయడం, దాని మీద 'తొండి, తొండి' అని కొట్లాడుడు, ఇదంతా ఆటలో భాగమే. పలకడంలో చాలామంది సిర్రగోనె అంటారు. చెప్పు సెప్పు అయినట్టే, చిర్ర సిర్ర అవుతుంది. మనిషి మాట యథాతథంగా చూపించేటప్పుడు సిర్ర అని, మీ కథనంలో చిర్ర అని రాసుకోవచ్చు.

ఇక పంటల మాట. పండు నుంచి పంట, వండు నుంచి వంట, మండు నుంచి మంట. ఆడు నుంచి ఆట, పాడు నుంచి పాట వచ్చింది కూడా ఈ పద్ధతిలోనే. కాబట్టి పంటకు సరైన క్రియ పండు. పంటలు వేసుకున్నప్పుడు 'పండిండు' అనక ఇంకేమంటారు?

మీ మనవడికి ఆ ఆటే తెలియకపోవచ్చు, కాస్త విడమరిచి చెప్పండి. ముగ్గురు చేతులు కలిపి ఊపుతారు. ఒక్కసారిగా వదిలి, ఎవరి అరచెయ్యి వాళ్లు వెల్లకిలానో బోర్లానో పెడతారు. ఇద్దరివి ఒక తీరు, ఒకరిది ఇంకో తీరు ఉంటే, ఆ వేరుగా ఉన్నవాడు పండినట్టు. వాడు సంతోషంగా పక్కకు పోతాడు, వాడి జాగాలో ఇంకొకరు చేరతారు. ముగ్గురివీ ఒకటే అయితే మళ్లీ వెయ్యాలి. చివరికి ఇద్దరే మిగిలితే, పండినవాళ్లలో ఒకరు వచ్చి మూడో చెయ్యి అరువిస్తారు. అప్పటికీ పండకుండా మిగిలినవాడే దొంగ, కళ్లు మూసుకునేది వాడే.

పండడం అంటే కాయ పండడం ఒక్కటే కాదని కూడా మనవడికి చెప్పండి. నోము పండింది అంటాం, కల పండింది అంటాం, ఊహించని లాభం వస్తే "వాడి పంట పండింది" అంటాం. అన్నిచోట్లా అర్థం ఫలించడం, గట్టెక్కడం. దొంగ కాకుండా తప్పించుకున్న పిల్లవాడు గట్టెక్కినట్టే కదా. అబ్బాయి అయితే పండిండు, అమ్మాయి అయితే పండింది. కోస్తాలో పండాడు, పండింది. ఇక "వాడు అరుగు మీద పండిండు" అని మీ ఊళ్లో ఎవరన్నా అంటే అది ఈ పండు కాదు, పండుకొనుటలోని పండు. అంటే పడుకున్నాడని. ఆటలో పండినవాడు పక్కకు పోయి అరుగు మీద నిజంగానే పండితే మాత్రం, వాక్యం ఏ అర్థంలో అన్నారో పక్కనున్నవాళ్లనే అడగాలి.