హోమ్‌స్టే పెట్టే ముందు: పాఠకుల ప్రశ్నలు, న్యాయ సలహాలు

ఇంటిని పర్యాటకులకు రోజుల లెక్కన ఇవ్వడం గురించి ఈ శీర్షికకు చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట ఆ ఉత్తరాలను కలిపి, ఏడు ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: మేము విశాఖపట్నంలో ఉంటున్న విశ్రాంత ఉద్యోగులం. పిల్లలు విదేశాల్లో స్థిరపడ్డారు. పై అంతస్తులో ఖాళీగా ఉన్న మూడు గదులను పర్యాటకులకు రెండు మూడు రోజుల చొప్పున ఇవ్వాలనుకుంటున్నాం. సొంత ఇంటికి అనుమతులెందుకని తెలిసినవారు అంటున్నారు. నిజమేనా?

జవాబు: నిజం కాదు. ఇల్లు మీ సొంతమే అయినా, పరిచయం లేనివారికి డబ్బు తీసుకుని రాత్రి బస కల్పిస్తే అది నెలసరి అద్దెలాంటిది కాదు, బస వ్యాపారం అవుతుంది. అయితే మీరు ఆ ఇంట్లోనే ఉంటున్నారు కాబట్టి, నాకు ఉత్తరాలు రాసిన వారందరిలోకీ మీ పనే తేలిక. కేంద్ర పర్యాటక శాఖ ‘ఇన్‌క్రెడిబుల్ ఇండియా బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్, హోమ్‌స్టే’ పథకానికి మొదటి షరతే యజమాని కుటుంబంతో సహా అదే ఇంట్లో నివసిస్తూ ఉండటం. అద్దెకు ఇచ్చే గదులు ఒకటికి తగ్గకుండా, ఆరుకు మించకుండా, పడకలు పన్నెండు దాటకుండా ఉండాలి. తనిఖీకి వచ్చిన బృందం గదుల వైశాల్యం, స్నానపు గదులు, శుభ్రత, ఇతర సౌకర్యాలు చూసి సిల్వర్ లేదా గోల్డ్ శ్రేణి ఇస్తుంది. ఈ గుర్తింపు స్వచ్ఛందమే అయినా తీసుకోమనే నా సలహా. రేపు ఏ కార్యాలయానికి వెళ్లినా మీరు నడుపుతున్నది లాడ్జి కాదు, నివాస గృహమేనని చూపడానికి అంతకన్నా మంచి కాగితం దొరకదు.

దరఖాస్తుకు ముందు మీ ఇంటి ప్లాను బయటకు తీయండి. పై అంతస్తు మంజూరైన ప్లానులో లేకుండా తర్వాత వేసినదైతే ముందు దాన్ని సరిచేసుకోవాలి, ఎందుకంటే మిగతా అనుమతులన్నీ ఆ ప్లాను మీదే ఆధారపడతాయి. ఆపైన రాష్ట్ర పర్యాటక శాఖ వద్ద నమోదుకు, నగరపాలక సంస్థలో ట్రేడ్ లైసెన్సుకు దరఖాస్తు చేయండి. ఆస్తి పన్ను, కరెంటు మీటరు గృహ వినియోగం కిందే కొనసాగుతాయా, పై అంతస్తుకు వేరే శ్రేణి వర్తిస్తుందా అన్నది ఆయా కార్యాలయాలను రాతపూర్వకంగా అడిగి, రాతపూర్వకంగానే జవాబు తీసుకోండి. కౌంటరు దగ్గర నోటిమాటగా చెప్పించుకుని మొదలుపెట్టి, రెండేళ్ల తర్వాత బకాయిల నోటీసు అందుకున్నవారిని చూశాను కాబట్టి ఇంతగా చెబుతున్నాను. అతిథులకు టిఫిను, భోజనం డబ్బు తీసుకుని పెడితే ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వద్ద నమోదు ఉండాలి. ఇంటికి బీమా ఉంటే కంపెనీకి ఈ సంగతి ముందే తెలియజేయండి. నివాసానికి తీసుకున్న పాలసీ వ్యాపార వినియోగంలో జరిగిన నష్టాన్ని భరించకపోవచ్చు.

ప్రశ్న: మాది విజయవాడ. అరకు దగ్గర ఒక గిరిజన రైతు తన అరెకరం భూమిని పదేళ్ల లీజుకు ఇస్తానంటున్నారు. నోటరీ చేయించుకుని అక్కడ నాలుగు కాటేజీలు, కొన్ని టెంట్లు వేద్దామనుకుంటున్నాం. కొనడం లేదు, లీజు మాత్రమే కదా. దీనికి ఏ అనుమతి తీసుకోవాలి?

జవాబు: ఈ లీజుకు మీరు తీసుకోగల అనుమతి ఏదీ లేదు. మీరు, మీ భాగస్వాములు గిరిజనేతరులైతే ఈ ఆలోచన ఇక్కడితో మానుకోండి. అరకు రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు కిందకు వచ్చే ఏజెన్సీ ప్రాంతం. అక్కడ 1959 నాటి భూ బదలాయింపు నిబంధన అమల్లో ఉంది. దానికి 1970లో వచ్చిన సవరణనే మన్యంలో అందరూ వన్ ఆఫ్ సెవెంటీ చట్టం అంటారు. దాని ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలోని స్థిరాస్తిని గిరిజనులకు, లేదా పూర్తిగా గిరిజనులే సభ్యులుగా ఉన్న సొసైటీకి తప్ప మరెవరికి బదలాయించినా ఆ బదలాయింపు చెల్లదు. బదలాయింపు అంటే అమ్మకమొక్కటే అని చాలామంది అనుకుంటారు. తాకట్టు, లీజు, దానం, మార్పిడి, వాటికోసం రాసుకున్న ఒప్పందం కూడా ఆ మాటలోకే వస్తాయని ఆ నిబంధనలోనే నిర్వచించారు. అందువల్ల మీరు కొనడం లేదన్న వాదన నిలవదు. నోటరీ ముద్ర వేసినంత మాత్రాన చెల్లని పత్రం చెల్లుబాటు కాదు. పైగా, షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుని స్వాధీనంలో ఉన్న స్థిరాస్తి గిరిజనుల నుంచి వచ్చినదేనని చట్టం ముందుగా భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవలసిన భారం స్వాధీనంలో ఉన్నవారిదే.

ఇది పుస్తకాల్లో మిగిలిపోయిన చట్టం కాదు. బొర్రా గుహలు చూడటానికి వెళ్లే పర్యాటకులు దాటే అనంతగిరి మండలంలోనే గనుల లీజుల మీద వివాదం నడిచి, సమతా అనే స్వచ్ఛంద సంస్థ పేరుతో సమతా కేసుగా సుప్రీంకోర్టుకు చేరింది. ఈ నిబంధన ప్రభుత్వానికి కూడా వర్తిస్తుందని, షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకు ఇవ్వడం చెల్లదని 1997 జులైలో ధర్మాసనం తీర్పు చెప్పింది. ప్రభుత్వమే ఇవ్వలేని లీజును ఒక పేద రైతు మీకు ఇవ్వగలడా? లంబసింగి, వంజంగి, మారేడుమిల్లి వైపు స్థలం చూస్తున్న పాఠకులకూ, తెలంగాణలో భద్రాచలం, ఉట్నూరు వైపు చూస్తున్నవారికీ ఇదే సమాధానం.

మీ డబ్బు పోతుందన్నది ఒక్కటే నా బాధ కాదు. ఇలాంటి లీజుల్లో ఏడాదికి కొద్దిపాటి మొత్తం ఇచ్చి, తన భూమిలోనే ఆ రైతును కాపలాదారుగా పెట్టుకోవడం నేను కళ్లారా చూశాను. ఈ నిబంధన వచ్చిందే దాన్ని ఆపడానికి. ఆ కుటుంబమే తమ ఇంటిలో రెండు గదులు బాగుచేసుకుని, తమ పేరు మీద అనుమతులు తీసుకుని, వచ్చిన ఆదాయం తామే తీసుకునేలా హోమ్‌స్టే నడిపితే చట్టానికి ఏ అభ్యంతరమూ లేదు. మీకు పర్యాటక రంగంలో అనుభవం ఉంటే బుకింగులు తెచ్చిపెట్టి, ఆ సేవకు మాత్రమే కమిషను తీసుకోండి. భూమి మీద, కట్టడం మీద మీకు ఎలాంటి హక్కూ రాసుకోకండి.

ప్రశ్న: మాది పుట్టపర్తి. మా ఇంట్లో గదులు తీసుకునేవారిలో విదేశీ భక్తులు ఎక్కువ. పాస్‌పోర్టు నకలు తీసుకుని రిజిస్టరులో రాస్తున్నాం. అది చాలదా? అమెరికాలో ఉంటున్న తెలుగువారు వచ్చినప్పుడు కూడా వివరాలు పంపాలా?

జవాబు: చాలదు. విదేశీయులు దిగిన 24 గంటల్లోగా వారి వివరాలను ఆన్‌లైన్‌లో ఇమిగ్రేషన్ అధికారులకు పంపాలి. అందరూ ఫారం సి అని పిలిచేది దీనినే. 1946 నాటి విదేశీయుల చట్టం స్థానంలో 2025 సెప్టెంబరు 1 నుంచి కొత్త ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం అమల్లోకి వచ్చినా బస ఇచ్చేవారి మీద ఈ బాధ్యత అలాగే ఉంది. ఐదు నక్షత్రాల హోటలుకైనా, మీ రెండు గదులకైనా నియమం ఒక్కటే. ముందుగా మీ బస పేరు మీద ఈ వివరాలు పంపే ఇమిగ్రేషన్ పోర్టల్‌లో నమోదై లాగిన్ తెచ్చుకోండి. అతిథి గడపలో నిలబడి ఉన్నప్పుడు ఆ పని మొదలుపెడితే సమయానికి పూర్తి కాదు.

తెలుగు మాట్లాడేవారు, ఒకప్పుడు మన ఊరివారే అయినవారు వస్తే ఇక్కడే పొరపాటు జరుగుతుంది. అమెరికా పౌరసత్వం తీసుకుని, విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు పెట్టుకున్నవారు చట్టం దృష్టిలో విదేశీయులే కాబట్టి వారి వివరాలూ పంపండి. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసుల విషయంలో అవసరం లేదు. అతిథి మాటను, మీ పరిచయాన్ని బట్టి కాకుండా పాస్‌పోర్టును బట్టి నిర్ణయించుకోండి.

ప్రశ్న: రాజమహేంద్రవరంలో గోదావరి ఒడ్డున ఉన్న మా పాత ఇంటిని ఒక యాప్ ద్వారా రోజుకు 3,000 రూపాయలకు ఇస్తున్నాం. ఏడాదికి ఆరు లక్షల దాకా వస్తోంది. ఇంటి అద్దెకు జీఎస్‌టీ లేదంటారు, కానీ అతిథి బిల్లులో అది కనిపిస్తోంది. నేను నమోదు చేసుకోవాలా?

జవాబు: నివాసం కోసం ఇచ్చే ఇంటి అద్దెకు ఉన్న మినహాయింపు రాత్రి బసకు వర్తించదు. రోజుకు 1,000 రూపాయల లోపు గదులకు ఒకప్పుడు మినహాయింపు ఉండేది, దానిని 2022 జులై 18 నుంచి తీసివేశారు. రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదులకు 2025 సెప్టెంబరు 22 నుంచి పన్ను 5 శాతం, ఆపైన ఉన్నవాటికి 18 శాతం. యాప్ ద్వారా వచ్చే బుకింగుల్లో, ఇంటి యజమాని జీఎస్‌టీ నమోదుకు బాధ్యుడు కానప్పుడు పన్ను కట్టవలసింది ఆ యాప్ సంస్థే. మీ అతిథి బిల్లులో కనిపిస్తున్నది అదే. మీ టర్నోవరు ఏడాదికి 20 లక్షలు దాటనంత వరకు మీరు నమోదు చేసుకోనక్కర్లేదు. అయితే ఆ 20 లక్షలు ఈ ఇంటికి మాత్రమే సంబంధించిన లెక్క కాదు. అదే పాన్ మీద దుకాణం అద్దెలు, వేరే వ్యాపారం, ఇతర ఇళ్ల అద్దెలు ఉంటే అన్నీ కలపాలి.

ఆదాయపు పన్ను సంగతి వేరు. యాప్ ద్వారా మీకు వచ్చే మొత్తం ఏడాదికి ఐదు లక్షలు దాటితే ఆ సంస్థ 0.1 శాతం, అంటే మీ ఆరు లక్షల మీద 600 రూపాయలు, టీడీఎస్‌గా మినహాయిస్తుంది. అది మీ పాన్ మీద జమ అవుతుంది కాబట్టి పోయిన డబ్బు కాదు, కానీ మీ రాబడి ఆదాయపు పన్ను శాఖకు తెలిసిందని అర్థం. రోజూ దుప్పట్లు మార్చడం, శుభ్రం చేయడం, టిఫిను పెట్టడం వంటి సేవలతో నడిపేదానిని సాధారణంగా వ్యాపార ఆదాయంగానే చూస్తారు. ఇంటి అద్దెకు ఇచ్చే 30 శాతం తగ్గింపును దీనికి వేసుకుని రిటర్ను దాఖలు చేయకండి. బదులుగా నిజంగా అయిన ఖర్చులకు బిల్లులు దాచుకోండి.

ప్రశ్న: వరంగల్‌లో ఉంటున్నాను. హైదరాబాద్‌లోని మా ఫ్లాటును రోజువారీగా ఇస్తుంటే అసోసియేషన్ వారు అడ్డుకుంటున్నారు. నా ఫ్లాటు మీద వారికి హక్కేమిటి?

జవాబు: మీ గదుల మీద లేదు, కానీ లిఫ్టు, గేటు, మెట్లు అందరివీ. 1987 అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం ప్రతి యజమానీ బైలాలకు, అంటే అసోసియేషన్ రాసుకున్న నియమావళికి, కట్టుబడాలి. కాబట్టి ఆ నిషేధం బైలాల్లో ఉన్నదా, సర్వసభ్య సమావేశంలో సక్రమంగా ఆమోదించినదా, లేక వాట్సాప్ గ్రూపులో పెట్టిన ప్రకటన మాత్రమేనా అన్నది ముందు తెలుసుకోండి. మొదటి రెండింట్లో ఏదైనా అయితే మీరు నిలబడటం కష్టం. ప్రకటన మాత్రమే అయితే మీ ఫ్లాటుకు నీళ్లు, కరెంటు ఆపే అధికారం వారికి లేదు. అయితే మీరు అక్కడ నివసించడం లేదు కనుక దీన్ని హోమ్‌స్టే అనలేరు; నివాసానికి మంజూరైన భవనంలో గెస్ట్‌హౌస్ నడుపుతున్నట్లు లెక్క. వారానికి నలుగురు కొత్త మనుషులు పక్క తలుపు తీస్తుంటే పిల్లలున్న ఇంటివారు పడే కంగారు నాకు న్యాయంగానే తోస్తోంది. నెలల లెక్కన అద్దెకు ఇచ్చుకోండి.

ప్రశ్న: పెళ్లికాని జంటలకు గది ఇస్తే కేసవుతుందా? భద్రత కోసం హాల్లో కెమెరా పెట్టవచ్చా? (కాకినాడ)

జవాబు: ఇద్దరూ 18 ఏళ్లు నిండినవారై, ఇద్దరి గుర్తింపు కార్డులూ చూసి రిజిస్టరులో రాసుకుంటే, గది ఇవ్వడం నేరం కాదు. కోయంబత్తూరులో ఒక సర్వీసు అపార్ట్‌మెంటును అధికారులు మూసివేసిన కేసులో, పెళ్లికాని స్త్రీ పురుషులు హోటలు గదిలో ఉండకూడదనే చట్టం ఏదీ లేదని 2019 డిసెంబరులో మద్రాసు హైకోర్టు స్పష్టం చేసింది. ఆధార్ నకలు తీసుకుంటే, మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ చాలు. కెమెరా వీధి గుమ్మం బయట, అందరికీ కనిపించేలా పెట్టి ముందే చెప్పండి. అతిథికి ఇచ్చిన భాగం లోపల ఎక్కడా వద్దు. ఎయిర్‌బీఎన్‌బీ 2024 ఏప్రిల్ 30 నుంచి ఇంటి లోపలి కెమెరాలను పూర్తిగా నిషేధించింది కూడా.

ప్రశ్న: న్యూయార్క్ క్వీన్స్‌లో అద్దె అపార్ట్‌మెంటులో ఉంటున్నాం. రెండు నెలలు హైదరాబాద్ వస్తున్నాం. ఆ రెండు నెలలూ వారం వారం చొప్పున ఇంటిని ఇవ్వవచ్చా?

జవాబు: మీరు ఇంట్లో లేకుండా ఇవ్వలేరు. నగరంలోని లోకల్ లా 18 కింద, 2023 సెప్టెంబరు 5 నుంచి, 30 రోజుల లోపు బసకు మేయరు కార్యాలయంలోని ప్రత్యేక అమలు విభాగం వద్ద నమోదు తప్పనిసరి. ఆ నమోదు దక్కాలంటే మీరు అక్కడే నివసిస్తూ, అతిథి ఉన్నన్ని రోజులూ ఇంట్లో ఉండాలి. డబ్బు చెల్లించే అతిథులు ఇద్దరికి మించకూడదు. లోపలి గదులకు తాళాలు వేసి వారిని వేరుచేయకూడదు. ఉల్లంఘనకు జరిమానా 5,000 డాలర్ల వరకు ఉంటుంది. ఒకే కుటుంబానికి ముప్పై రోజులు, అంతకు మించి ఇస్తే ఈ చట్టం వర్తించదు కానీ, అప్పుడూ మీ లీజు ప్రకారం భవన యజమాని సమ్మతి కావాలి. తిరిగి వెళ్లాక మీరు ఉంటూ ఒక గది ఇవ్వాలనుకుంటే, మీ భవనం యజమాని దానిని నిషేధిత భవనాల జాబితాలో చేర్చారేమో ముందు చూసుకోండి. దరఖాస్తుతో కట్టే 145 డాలర్లు వెనక్కి రావు.